నెల్లూరు, ఒంగోలు రేపు ఎలా ఉండాలి? ముందున్న దారుల్లో ఏది ఎంచుకోవాలి?

మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టి అభ్యంతరాలు చెప్పమన్నప్పుడు మనలో ఎక్కువమంది వెతికేది ఒక్కటే. మన స్థలం మీదుగా రోడ్డు పోతోందా, లేదా? అడగాల్సిన ప్రశ్నే అది. కానీ ఇరవై ఏళ్ల తర్వాత మన పిల్లలు తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, నవంబరు వాన వాళ్ల వీధిలోంచి ఎటు పోతుంది, మే నెల మధ్యాహ్నం వాళ్లు బయట అడుగు పెట్టగలరా అన్నవి కూడా ఆ పటంలోనే తేలిపోతున్నాయి. వాటి గురించి అడిగేవాళ్లు తక్కువ. కాలనీ సంఘాల్లో ఉన్నవాళ్లు, వార్డు సచివాలయానికి వెళ్లి మాట్లాడగలిగినవాళ్లు, ఇల్లో స్థలమో కొనబోతున్నవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను.

ఊరి భవిష్యత్తు మాట వస్తే మన దగ్గర నాలుగు ఊహలు వినిపిస్తాయి. మొదటిది మెరిసే ఊరు. చెరువు చుట్టూ నెక్లెస్ రోడ్డు, ఫౌంటెన్లు, సెంటర్లలో రంగుల లైట్లు, ఫ్లైఓవర్లు. రెండోది నీళ్లను తరిమేసే ఊరు. వీధి వీధికీ సిమెంటు కాలువ, చివర పెద్ద పంపులు, పడ్డ వాన పడ్డట్టే పెన్నలోకో సముద్రంలోకో. మూడోది నీళ్లను నిలుపుకునే ఊరు. చెరువులు, కాలువలు, ఖాళీ నేలలు బతికి ఉంటాయి, వాన ముందు వాటిలోకి పోతుంది, మిగిలిందే బయటికి పోతుంది. నాలుగోది దగ్గరగా పెరిగే ఊరు. బైపాస్ దాటి లేఅవుట్లు వేసుకుంటూ పోకుండా బడి, బజారు, ఆసుపత్రి నడిచి వెళ్లే దూరంలో ఉండేలా ఉన్న ఊళ్లోనే సర్దుకోవడం.

ఈ నాలుగూ కొంత కొంత కలిసి ఉండొచ్చు. డబ్బు, నేల రెండూ కొంచెమే కాబట్టి ముందు ఏది, తర్వాత ఏది అన్నది మాత్రం తేల్చుకోవాలి. నా మాట ముందే చెబుతాను. మూడోది పునాది, నాలుగోది దాని మీద గోడ. రెండోది కొన్ని చోట్ల తప్పదు. మొదటిది అన్నిటికన్నా చివర.

ఏ ప్రతిపాదన వచ్చినా దాన్ని రెండు రోజుల మీద పెట్టి చూడండి. ఒకటి బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ఆగకుండా కురిసే కార్తీక మాసపు రోజు. నెల్లూరుకు ఏడాది మొత్తంలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. రెండోది రోహిణి కార్తెలో, కరెంటు పోయి, కుళాయి రాని మధ్యాహ్నం. ఈ రెండు రోజుల్లోనూ పనికొచ్చేది మంచి ప్రతిపాదన. ఒక్కరోజే పనికొస్తే ఆలోచించాలి. రెండు రోజులూ పనికిరాకపోతే అది ఎంత అందంగా ఉన్నా వెనక్కి పెట్టాలి. దీనికి తోడు ఇంకో ప్రశ్న ఉంది. కట్టడానికి గ్రాంటు, రుణం దొరుకుతాయి, ఐదేళ్ల తర్వాత పూడిక తీయడానికి, పంపుల కరెంటు బిల్లు కట్టడానికి డబ్బు ఎక్కడిది?

నెల్లూరుకు వచ్చే రెండు రకాల ముంపు

నెల్లూరులో వరద గురించి మాట్లాడేటప్పుడు రెండు వేరు వేరు విషయాలను కలిపేస్తుంటాం. వాటిని విడదీయకుండా ఏది ఎంచుకున్నా డబ్బు వృథా.

ఒకటి పెన్న పొంగు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు నీళ్లు పెన్నలో కలిశాయి. పెన్న మీది సోమశిల జలాశయం నుంచి లక్షల క్యూసెక్కులు కిందికి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి మద్రాసు, విజయవాడ మధ్య రైళ్లు ఆగిపోయాయి. పెన్న ఒడ్డున భగత్ సింగ్ కాలనీలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఈ నీళ్లు నెల్లూరులో పడ్డ వాన కాదు, వందల కిలోమీటర్ల ఎగువన పడ్డది. మన వీధిలో ఎన్ని ఇంకుడు గుంతలు తవ్వినా దీన్ని ఆపలేం.

దీనికి ఉన్న దారులు రెండే. పొర్లుకట్టలు బలపరచి ఒడ్డున గోడలు కట్టడం, లేదా నదికి దాని వెడల్పు వదిలేసి మనం పక్కకు జరగడం. ఇప్పటికే అక్కడ ఇళ్లు కట్టుకుని బతుకుతున్నవాళ్లకు గోడ కావాలి, అందులో నాకు రెండో ఆలోచన లేదు. వాళ్లలో చాలామంది రోజు కూలీలు, ఊళ్లో పని ఉంది కాబట్టే అక్కడ ఉన్నారు. వేరే చోటికి పంపితే పని పోతుంది. అయితే గోడ కట్టారు కదా అని దాని వెనక కొత్తగా ఇళ్లకు అనుమతి ఇవ్వడం మాత్రం ఒప్పుకోకూడదు. గోడ ఎత్తు ఒక లెక్క ప్రకారం కడతారు. ఆ లెక్క దాటిన వరద వచ్చిన రోజు గోడ వెనక ఎక్కువమంది ఉంటారు.

రెండోది ఊళ్లో పడే వాన. రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిల్లో గట్టి వాన పడితే ఏమవుతుందో నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. నెల్లూరు ఆనకట్ట నుంచి వచ్చే సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ పొలాలకు నీళ్లు పెట్టడానికి తవ్వినవి. ఊరు వాటి చుట్టూ పెరిగింది, మురుగు వాటిలోకి చేరింది, గట్లు ఇళ్లయ్యాయి. వాన నీళ్లు పోవాల్సిన దారి ఇరుకైంది, పోసే నీళ్లు ఎక్కువయ్యాయి.

ఇక్కడ సిమెంటు కాలువకు, నీళ్లు నిలుపుకోవడానికి మధ్య పోలిక చూద్దాం. సిమెంటు కాలువ వేగంగా పనిచేస్తుంది, కంటికి కనిపిస్తుంది, టెండరు పిలవడం తేలిక. కానీ అన్ని వీధుల నీళ్లనూ ఒకే సమయంలో ఒకే పల్లానికి తీసుకుపోతుంది. ఆ సమయానికి పెన్న కూడా నిండుగా ఉంటే బయటికి పోవడానికి దారి ఉండదు. ప్లాస్టిక్ సంచులు, పూడిక చేరితే మొదటి వానకే పొర్లుతుంది. మే నెలలో దానివల్ల చుక్క నీరు రాదు. అంటే రెండు పరీక్షల్లో ఒకటి సగం, రెండోది సున్నా.

నిలుపుకునే పద్ధతిని మన కొలతల్లోనే లెక్కేద్దాం. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు. పదిహేను అంకణాల మిద్దె దాదాపు 100 చదరపు మీటర్లు. దాని మీద ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు. ఒక పెద్ద వాటర్ ట్యాంకర్ అన్నమాట. వంద ఇళ్ల కాలనీలో మిద్దెల మీద నుంచే పది లక్షల లీటర్లు రోడ్డు మీదికి వస్తాయి. అదే కాలనీలో 500 చదరపు మీటర్ల పార్కు ఉందనుకోండి. దాన్ని రోడ్డు కంటే అడుగున్నర పల్లంగా ఉంచితే రెండు లక్షల లీటర్లకు పైగా అందులోనే ఆగుతాయి. మనవాళ్లు చేసేది దీనికి తలకిందులు. పార్కును మట్టి పోసి ఎత్తు చేసి, చుట్టూ గట్టు కట్టి, లోపల టైల్స్ పరుస్తారు. మీ కాలనీలో పార్కు పనులు మొదలవబోతుంటే ఇంజినీరును ఈ ఒక్క విషయం అడగండి. ఖర్చు పెరగదు, మట్టి తోలే ఖర్చు మిగులుతుంది కూడా.

పెన్న ఒండ్రు ఉన్న ఇసుక నేలల్లో ఇంకుడు గుంత బాగా పనిచేస్తుంది. నల్లరేగడిలో పనిచేయదు, ఆ నేల తడిస్తే ఉబ్బి నీళ్లను లోపలికి పోనివ్వదు. తేల్చుకోవడం కష్టమేం కాదు. రెండడుగుల గుంత తవ్వి రెండుసార్లు నీళ్లతో నింపండి. రెండోసారి పోసినవి కొన్ని గంటల్లో ఇంకిపోతే గుంత తవ్వొచ్చు. మర్నాటికీ అలాగే నిలిచి ఉంటే ఆ డబ్బుతో సంపు కట్టుకోవడం మేలు.

నీళ్లు నిలుపుకునే ఊరికి హద్దులు లేవని చెప్పను. చైనాలో 2015 నుంచి కొన్ని నగరాలను వాన పీల్చుకునేలా మార్చే కార్యక్రమం పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. జెంగ్‌ఝౌ నగరంలో దానికోసం చాలా ఖర్చు చేశారు. 2021 జులై 20న అక్కడ ఒక్క గంటలోనే 200 మిల్లీమీటర్ల వాన పడింది. మెట్రో సొరంగంలోకి నీళ్లు వచ్చి మనుషులు చనిపోయారు. అంతటి వాన ఏ చెరువుకూ ఆగదు. కాబట్టి అండర్‌బ్రిడ్జిల దగ్గర, ఆసుపత్రులున్న పొగతోట లాంటి చోట సిమెంటు కాలువలు, పంపులు ఉండాల్సిందే. అవి చెరువులకు తోడుగా ఉండాలి, చెరువుల బదులుగా కాదు.

నీళ్లు నిలుపుకోకపోతే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ఆసుపత్రికో పెళ్లి బట్టలకో మనం వెళ్లే మద్రాసే ఉంది. చెరువులు, చిత్తడి నేలలు పోగొట్టుకున్న ఆ నగరం 2015 డిసెంబరులో మునిగింది. 2019 వేసవిలో అదే నగరంలో జలాశయాలు ఎండిపోయి రైళ్లలో నీళ్లు తెచ్చారు. మధ్యలో నాలుగేళ్లు కూడా నిండలేదు. 1983 ఒప్పందం ప్రకారం తెలుగుగంగ ద్వారా మన కండలేరు జలాశయం నుంచి మద్రాసుకు నీళ్లిచ్చే పూండి జలాశయానికి నీళ్లు పోతూ ఉన్నా ఆ పరిస్థితి వచ్చింది. నెల్లూరుకు పక్కనే పెన్న ఉంది, ఎగువన సోమశిల ఉంది, ఊళ్లోనే చెరువు ఉంది. వీటిని చూసుకుని ధైర్యంగా ఉండొచ్చని అనుకుంటే మద్రాసు వాళ్లూ ఒకప్పుడు అలాగే అనుకున్నారు.

చెరువు గట్టు మీద నెక్లెస్ రోడ్డు

మెరిసే ఊరిని చివర పెట్టానని అందం వద్దని అర్థం చేసుకోవద్దు. సాయంత్రం చెరువు గాలి పీల్చుకుంటూ నడవడానికి చోటుండటం పేదవాళ్లకూ కావాలి, ఏసీ లేనివాళ్లకే ముందు కావాలి. అయితే చెరువు మీద ఏ పని జరిగినా మూడు విషయాలు అడగాలి. పని పూర్తయ్యాక చెరువు పట్టే నీళ్లు పెరిగాయా, తగ్గాయా? అలుగు, తూములు తెరిచే ఉన్నాయా? మురుగు ఎన్ని చోట్ల కలుస్తోంది, దాన్ని ఎప్పటికి ఆపుతారు?

నెల్లూరు చెరువుకు ఈ మూడో ప్రశ్న ఇంకా ముఖ్యం. మొహర్రం నెలలో రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర లక్షల మంది, మతం చూసుకోకుండా, స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. సంతానం కోసం, ఉద్యోగం కోసం, జబ్బు నయం కావడం కోసం మొక్కుకుని ఆ నీళ్లలో నిలబడతారు. ఆ నీళ్లు శుభ్రంగా ఉంచడం కన్నా పెద్ద సుందరీకరణ ఈ ఊరికి ఉండదని నా నమ్మకం. ఫౌంటెన్‌కు, మురుగు మళ్లించే పైపుకు మధ్య డబ్బు ఒక్కదానికే సరిపోతే పైపునే ఎంచుకోండి. అది కనపడదు, దానికి ప్రారంభోత్సవం రిబ్బన్ ఉండదు, అందుకే మనం అడగాలి.

ఊళ్లో ఫ్లాటా, బైపాస్ అవతల స్థలమా

ఇది ఊరి ఎంపికే కాదు, ఇంటి ఎంపిక కూడా. మధ్యతరగతి కుటుంబాల్లో దీనికి పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. బైపాస్ అవతల స్థలం చవక, సొంత నేల అన్న తృప్తి, రేపు రేటు పెరుగుతుందన్న ఆశ. ఊళ్లో ఫ్లాట్ ఇరుకు, నెలనెలా మెయింటెనెన్స్, పార్కింగ్ గొడవలు. ఇంతవరకు లెక్క స్థలం వైపే ఉంటుంది. దాని పక్కన ఇంకో లెక్క రాసుకోండి. ఇద్దరికి రెండు బండ్లు, పెట్రోలు, పిల్లల స్కూల్ బస్సు ఫీజు, మున్సిపల్ నీళ్లు రానన్నాళ్లూ బోరు, ట్యాంకర్, రాత్రి జ్వరం వస్తే ఆటో దొరకని దూరం. పదేళ్లకు కలిపి చూస్తే తేడా చాలా తగ్గుతుంది, కొన్నిసార్లు తిరగబడుతుంది.

ఊరి వైపు నుంచి చూస్తే దూరంగా వెదజల్లిన ప్రతి లేఅవుట్‌కూ పైపు, లైటు, చెత్త బండి, రోడ్డు మోయాల్సింది పాత ఊరి పన్నులే. ఆ లేఅవుట్లు చాలావరకు వరి పొలాల మీద వస్తున్నాయి. గట్లున్న మడి వానాకాలంలో ఊరికి ముందు నిలబడే చిన్న చెరువు లాంటిది. దాన్ని పూడ్చి ప్లాట్లు వేస్తే ఆ నీళ్లు పక్కింటికి పోతాయి.

అందుకే నా సలహా ఇది. పని, బడి ఊళ్లో ఉన్నవాళ్లు కాస్త చిన్నదైనా ఊళ్లోనే చూసుకోండి. ఉద్యోగం కృష్ణపట్నం వైపో, శివార్లలోని కాలేజీలోనో అయితే ఆ వైపు శివార్లలో ఉండటంలో తప్పేం లేదు. స్థలం కొనేటప్పుడు ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూడటం అందరికీ అలవాటైంది. దానితోపాటు గ్రామ పటంలో ఆ సర్వే నంబరు పక్కన వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, పంట కాలువ ఉన్నాయేమో చూడండి. ఆ ఊరి పెద్ద రైతును, "పెదనాయనా, తుపాను వస్తే ఇక్కడ నీళ్లు ఎటు పోయేవి?" అని అడగండి. స్థలం చూడటానికి మార్చిలో కాకుండా నవంబరులో వెళ్లండి.

ఒంగోలు లెక్క వేరు

నెల్లూరుకు చెప్పిన క్రమం ఒంగోలుకు అలాగే అతికించకూడదు. ఒంగోలులో వాన తక్కువ, పక్కనే పెన్న లాంటి నది లేదు, నల్లరేగడి ఎక్కువ. తాగునీళ్లు చాలావరకు సాగర్ కుడి కాలువ చివరి నుంచి వచ్చి ఎస్ఎస్ ట్యాంకుల్లో, అంటే వేసవికి నీళ్లు దాచే చెరువుల్లో, చేరేవే. ఎగువన కృష్ణలో నీళ్లు తగ్గితే చివరి ఊరికే ముందు తెలుస్తుంది. ఇక్కడ నిలుపుకోవడం అంటే ముఖ్యంగా పెద్ద నిల్వలు, వాడిన నీళ్లను శుద్ధి చేసి మళ్లీ వాడటం. చెట్లకు, కట్టడాలకు, రోడ్లు తడపడానికి మంచినీళ్లు వాడకుండా ఉంటేనే వేసవి గడుస్తుంది. పోతురాజు కాలువ వెడల్పు కాపాడటం వాన రోజు కోసం తప్పనిసరి.

ఐదేళ్ల తర్వాత ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు ఒంగోలు దగ్గరే ఉదాహరణ ఉంది. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టుకు 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలో ఇంకోటి పోయింది. నిలవాల్సిన నీళ్లు సముద్రంలో కలిశాయి. కొత్త రిజర్వాయరు అడగడానికి ముందు ఉన్నదాని గేట్లకు ఏటా ఎంత ఖర్చు పెడుతున్నారని అడగడం ఒంగోలు వాళ్లకు ఎక్కువ లాభం.

చెత్త, ఎండ, రోడ్డు

చెత్తకు మూడు దారులు చెబుతుంటారు. దూరంగా పోసిరావడం, కాల్చి కరెంటు తీయడం, ఇంటి దగ్గరే తడి పొడి వేరు చేయడం. నెల్లూరు దొంతాలి యార్డు లాంటివి మొదటి దారికి ఆనవాళ్లు. ఊరికి దూరమే, అక్కడి పల్లెలకు మాత్రం దగ్గర. కాల్చే ప్లాంటు ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అయితే మన చెత్తలో కూరగాయల తొక్కలు, అన్నం, అరటాకులు ఎక్కువ. తడిగా ఉన్నది సరిగ్గా మండదు, మండించడానికే శక్తి పోతుంది. వేరు చేయకుండా ప్లాంటు పెట్టినా నడవదు, వేరు చేశాక కాల్చాల్సింది తక్కువే మిగులుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో స్వయం సహాయక సంఘాల మహిళలు ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరించి, వేరు చేసి, అమ్మి, డంపింగ్ యార్డు అవసరమే లేకుండా చేసుకున్నారు. పొదుపు సంఘాల ఉద్యమం పుట్టిన నెల్లూరు జిల్లాలో, సారా మీద పోరాడి గెలిచిన ఆడవాళ్లున్న చోట, అది సాధ్యం కాదని నేను నమ్మను. వాళ్లకు నెల జీతం సరిగ్గా ఇవ్వాలి, అంతే.

ఎండ విషయంలో ఇంటికి ముందు చేయాల్సింది మిద్దెకు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే రంగో వేయించడం. ఖర్చు తక్కువ, కరెంటు లేని మధ్యాహ్నం కూడా పనిచేస్తుంది. ఆ తర్వాత సోలార్. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. మూడు కిలోవాట్లకు 300 చదరపు అడుగుల చోటు, అంటే నాలుగు అంకణాల పైచిలుకు, సరిపోతుంది. రోజుకు దాదాపు 12 యూనిట్లు వస్తాయి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. లైన్లో కరెంటు పోతే బ్యాటరీ లేని మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది. నెలకు వంద యూనిట్లు కూడా కాలనివాళ్లు తొందరపడక్కర్లేదు, వాళ్లకు తెల్ల కప్పు చాలు.

రోడ్ల గురించి రెండు మాటలే. ట్రంకు రోడ్డు వెడల్పు చేయడానికీ, ఫుట్‌పాత్ ఖాళీ చేయించి చెట్లు పెట్టడానికీ మధ్య అడిగితే రెండోదే అడగండి. నడిచేవాళ్లు, షేర్ ఆటో కోసం ఎండలో నిలబడేవాళ్లు కారున్నవాళ్ల కన్నా చాలా ఎక్కువ. వాళ్లకు నీడ కావాలి.

కనిగిరి, పొదిలి లాంటి చిన్న ఊళ్లకు

పశ్చిమ ప్రకాశంలో పోలిక ఇంకా సూటిగా ఉంటుంది. భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఉంది, ఎన్నో కుటుంబాల్లో ఎముకలు వంగిన పెద్దవాళ్లున్నారు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు తేవాల్సిన వెలిగొండ సొరంగాల నీళ్ల కోసం ఎదురుచూపు ఏళ్ల తరబడి సాగుతోంది. ఈలోగా ఇంకా లోతు బోరు వేయడమా, ఆర్వో క్యాన్లు కొనుక్కోవడమా, మిద్దె మీది వాన పట్టుకోవడమా? లోతు పెరిగినంత మాత్రాన ఫ్లోరైడ్ తగ్గుతుందన్న నమ్మకం లేదు. ఆర్వో పనిచేస్తుంది, కానీ శుద్ధి చేసిన నీళ్లతో పాటు బోలెడు నీళ్లు వృథాగా బయటికి పోతాయి. మిద్దె మీద పడ్డ వానలో ఫ్లోరైడ్ సమస్య ఉండదు. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు ఇరవై లీటర్లు అనుకుంటే ఏడాదికి 7,300 లీటర్లు. పదివేల లీటర్ల మూతున్న సంపు చాలు, ఒక్క మంచి వాయుగుండానికే నిండుతుంది. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేసి, ఆ తర్వాతివి ఇసుక, గులకరాళ్ల వడపోత గుండా సంపులోకి పంపాలి. లోపలికి వెలుతురు, దోమ పోకుండా మూత బిగించాలి. తాగేముందు కాచుకోవాలి. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు పునాది దశలోనే దీనికి చోటు వదలండి. కట్టేశాక తవ్వడానికి రెండింతలు ఖర్చవుతుంది. పాత ఇల్లయితే నలుగురైదుగురు ఇరుగుపొరుగు కలిసి బడి మిద్దె కిందో గుడి పక్కనో ఒక పెద్ద సంపు కట్టుకోవచ్చు, అక్టోబరు రాకముందే.